క్రీడాపానీయాలూ, బుద్ధిచురుకూ: ప్రచారమెంత? ప్రమాణమెంత?

క్రీడాపానీయం అనే మాట ఒక తరం కిందట తెలుగునాట వినబడేది కాదు. ఆడి అలసినవాడు కుండలో నీళ్లు ముంచుకొని తాగేవాడు. ఇంటికి పోయి ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగేవాడు. గోదావరి లంకల్లోనూ కోనసీమలోనూ అయితే బొండాం కొట్టించుకునేవాడు. ఈనాడు నరసాపురం వంటి ఊళ్లలో కూడా కిళ్లీ దుకాణపు చల్లని పెట్టెలో నీలం, నారింజ, పసుపుపచ్చ రంగుల సీసాలు వరుసగా నిలిచి ఉన్నవి. సాయంకాలం వాలీబాలో షటిలో ఆడేవారు, సెలవునాడు క్రికెట్టు ఆడే పిల్లలు, తెల్లవారుజామున నడకకు పోయే ఉద్యోగులు వాటిని కొని తాగుతున్నారు.

దాహం తీరుతుందని చెప్పి ఊరుకుంటే ఈ సీసాలతో ఎవరికీ పేచీ ఉండదు. కాని ఇట్టి పానీయాల ప్రచారం అంతటితో ఆగడం లేదు. తాగినవానికి ఏకాగ్రత కుదురుతుందనీ, కన్నూ చెయ్యీ చురుకుగా కలిసి పనిచేస్తాయనీ, ఆట చివరి ఘట్టంలో కూడా తప్పులేని నిర్ణయాలు చేయగలుగుతాడనీ అది నమ్మబలుకుతున్నది. ఆటలో పనికివచ్చే చురుకు పరీక్షలోనూ పనికి రాదా అని విద్యార్థికి తోచడం సహజం. ఆ ఆశతోనే చేతిఖర్చు డబ్బులు సీసాకు పోతున్నవి. కాబట్టి ఈ వాదాన్ని విజ్ఞానశాస్త్రపు గీటురాయి మీద గీసి చూడవలసి ఉన్నది. వినోదార్థం ఆడే సామాన్యునికి ఇది వర్తిస్తుందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

మూడు జాతుల పానీయాలు

మొదట పేర్లలోని గందరగోళం తీరాలి. దుకాణంలో పక్కపక్కనే ఉండే సీసాలు మూడు వేర్వేరు జాతులకు చెందినవి.

మొదటిది క్రీడాపానీయం. ఇందులో నీరు, శర్కర, కొద్దిగా సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. 1965లో అమెరికాలోని ఫ్లారిడా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కేడ్, ఆయన సహచరులు ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు కోసం తయారుచేసిన గేటరేడ్ ఈ జాతికి మూలపురుషుడని చెప్పవచ్చు. సాధారణంగా లీటరు క్రీడాపానీయంలో 60 మొదలు 80 గ్రాముల వరకు శర్కర ఉంటుంది.

రెండవది ఉత్తేజక పానీయం. దీనిలోని ముఖ్య పదార్థం కెఫీను. మన దేశపు నిబంధనల ప్రకారం ఇట్టి పానీయంలో లీటరుకు 145 మిల్లీగ్రాములకు తగ్గకుండా, 300 మిల్లీగ్రాములకు మించకుండా కెఫీను ఉండాలి. పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ తగదని సీసామీద అచ్చువేయాలి. కెఫీను నిద్రమత్తును కొంతసేపు ఆపి మెలకువను పెంచే మాట నిజమే. అయితే అది కాఫీలోనూ టీలోనూ కూడా ఉన్న గుణమే గాని సీసాకు ప్రత్యేకంగా అబ్బిన మహిమ కాదు. ఈ గుణాన్ని క్రీడాపానీయానికి అంటగట్టడం ఒకరి కీర్తిని మరొకరికి కట్టబెట్టడమే అవుతుంది.

మూడవది ఓఆర్‌ఎస్, అనగా నోటిద్వారా ఇచ్చే లవణ శర్కర ద్రావణం. ఇది పానీయం కాదు, మందు. విరేచనాలతో నీరసించిన రోగికోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన కొలతల ప్రకారం తయారవుతుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల కలిగే చేటు ఎంతటిదో ముందు చూద్దాం.

చెమట లెక్క

మనిషి కండరం ఒక యంత్రం. తిన్న తిండిలోని శక్తిలో సుమారు నాలుగోవంతే పనిగా మారుతుంది. మిగిలినది వేడి అవుతుంది. గంటసేపు హుషారుగా ఆడిన యువకుడు సుమారు 400 కిలోకేలరీల శక్తి ఖర్చుపెట్టాడనుకుంటే, అందులో 300 కిలోకేలరీలు వేడి రూపంలో బయటికి పోవలసి ఉంటుంది. వేసవిలో అందుకు ముఖ్యసాధనం చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల గుప్తోష్ణం కావాలి. అనగా అర లీటరు పైచిలుకు చెమట పూర్తిగా ఆవిరైతే ఆ 300 కిలోకేలరీల లెక్క సరిపోతుంది.

కాని నరసాపురంలో లెక్క అంత సులువుగా కుదరదు. ఒకపక్క వశిష్ఠ గోదావరి, మరొకపక్క దగ్గరలోనే సముద్రం, చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. గాలి ఎప్పుడూ తేమతో బరువెక్కి ఉంటుంది. ఆర్ద్రత హెచ్చుగా ఉన్న గాలిలో చెమట ఆవిరి కాక బొట్లుబొట్లుగా కారి నేల పాలవుతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. సగం కారిపోయినచోట అదే చల్లదనానికి రెట్టింపు చెమట పోయవలసి వస్తుంది. రాయలసీమ పొడిగాలిలో ఆడేవానికన్న డెల్టాలో ఆడేవాని చొక్కా ఎక్కువగా తడవడానికి కారణం ఇదే.

చెమటతో పాటు ఉప్పు కూడా పోతుంది. అది మనిషిని బట్టి, అలవాటును బట్టి మారుతుంది గాని, లీటరు చెమటలో సుమారు 2 గ్రాముల ఉప్పు పోవడం సాధారణం. మన భోజనంలో ఆవకాయ, పప్పు, పులుసు, మజ్జిగల ద్వారా ఈ ఉప్పు తిరిగి సులువుగానే చేరుతుంది. గంటసేపు ఆడినవాడు ఉప్పు కోసం సీసాను వెదకనక్కరలేదు.

మెదడుకు నీటి కొరత

నీరు తగ్గితే బుద్ధి మందగిస్తుందా? ఈ విషయంలో మన దేశంలో జరిగిన ఒక పరిశోధన ప్రపంచ ప్రసిద్ధి పొందినది. భారత రక్షణశాఖ శరీరధర్మ పరిశోధన సంస్థకు చెందిన గోపీనాథన్, పిచ్చన్, శర్మ 1988లో దీనిని ప్రకటించారు. 11 మందిని వేడిలో శ్రమ చేయించి, నీరు తగ్గించి, శరీరపు బరువులో 1, 2, 3, 4 శాతం నీరు కోల్పోయిన దశలలో పరీక్షించారు. చదివిన మాటలను గుర్తుపట్టడం, వరుసగా అంకెలు కూడడం, కాగితంమీద గుర్తుల వెంట తప్పు లేకుండా గీత గీయడం ఆ పరీక్షలు. నీటి నష్టం 2 శాతానికి చేరినప్పటి నుంచి ఫలితాలు స్పష్టంగా దిగజారినవి.

ఇట్టి పరిశోధనలు 33 కలిపి, 413 మంది ఫలితాలను ఒకచోట చేర్చి 2018లో విట్‌బ్రాట్, మిల్లర్డ్-స్టాఫర్డ్ అనే శాస్త్రజ్ఞులు సమీక్ష చేశారు. నీటి కొరత వల్ల బుద్ధి వ్యాపారానికి నష్టం ఉన్నదనీ, అవధానం, నిర్ణయశక్తి, అవయవాల పొందిక మీద అది ఎక్కువగా కనబడుతుందనీ, నష్టం 2 శాతం దాటినప్పుడు మరింత స్పష్టమనీ వారు తేల్చారు. అంతకన్న తక్కువ కొరతలో చిత్రం కొంత భిన్నంగా ఉన్నది. 2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం 25 మంది యువతులను పరీక్షించింది. సుమారు 1.36 శాతం నీటి నష్టంతో వారికి తలనొప్పి, చిరాకు, పని కష్టమనిపించడం కలిగినవే గాని, బుద్ధి పరీక్షలలో చాలావాటి ఫలితాలు మారలేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. 60 కిలోల మనిషికి 2 శాతం అంటే 1.2 కిలోలు. గంటసేపు ఆడి, మధ్యలో రెండు గ్లాసుల నీళ్లు తాగినవాడు ఆ గీత దరిదాపులకు పోవడం అరుదు. మే నెల ఎండలో పొద్దున మొదలుపెట్టి మూడునాలుగు గంటలు టోర్నమెంటులో ఆడి, నీళ్లు ముట్టనివాడు మాత్రం తప్పకుండా పోతాడు. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. ఈ పరిశోధనలు నిరూపించినది నీటి కొరత చెరుపు చేస్తుందని మాత్రమే. ఆ కొరత తీర్చడానికి ఫలానా సీసాయే కావాలని ఇవి ఎక్కడా నిరూపించలేదు. ‘ఆకలి చదువును చెడగొడుతుంది’ అనే సత్యాన్ని చూపి ‘కాబట్టి మా హోటలు ఇడ్లీ తింటే మొదటి తరగతి వస్తుంది’ అనడం ఎంత తర్కమో, ఇదీ అంతే. ప్రచారంలోని మొదటి లోపం ఈ గంతులో ఉన్నది.

శర్కర వాదం

రెండవ వాదం ఇది: మెదడుకు ఇంధనం గ్లూకోజు, సీసాలో గ్లూకోజు ఉన్నది, కాబట్టి సీసా తాగితే మెదడు చురుకెక్కుతుంది. మొదటి రెండు మాటలూ నిజమే. పెద్దవాని మెదడు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. గంటకు 5 గ్రాములన్నమాట. కాని రక్తంలో ఏ క్షణానికైనా ఉండే గ్లూకోజు మొత్తం కూడా సుమారు 5 గ్రాములే. అయినా మెదడు ఆకలితో ఆగిపోదు. కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ నిలవ ఉన్నది. రక్తంలో గ్లూకోజు తగ్గుతున్నకొద్దీ కాలేయం తన నిలవను విడుదల చేసి సమతౌల్యం కాపాడుతుంది. కాలువ నీటిమట్టం తగ్గినప్పుడు లాకు తలుపు ఎత్తి పై నీరు వదలినట్లే ఇది జరుగుతుంది. నిండుగా పారుతున్న కాలువలో కడవెడు నీళ్లు పోసినంతమాత్రాన చేను ఎక్కువ పండదు.

కండరాల సంగతి వేరు. కండరం తన సొంత నిలవలమీద పనిచేస్తుంది. ఈ విషయం మాట్లాడేటప్పుడు పశ్చిమ గోదావరి వాసులు గర్వంగా తలచుకోదగిన పేరు ఒకటి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబం నరసాపురానికి పొరుగునే ఉన్న మొగల్తూరుకు చెందినది. ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించి ప్రకటించారు. కండరం ముడుచుకోవడానికి తక్షణ శక్తినిచ్చేది ఏటీపీ. అది ఖర్చయినప్పుడు మళ్లీ నింపేది ఫాస్ఫోక్రియాటిన్. వాలీబాల్ ఆటగాడు ఎగిరి బంతిని కొట్టే ఆ రెండు మూడు క్షణాలకు కావలసిన శక్తి ఈ నిలవల నుంచే వస్తుంది. గుక్కెడు తియ్యని నీళ్లు కడుపులోకి, అక్కడినుంచి పేగులోకి, రక్తంలోకి, కండరంలోకి పోయి పనికి రావడానికి నిమిషాలు పడుతుంది. మింగగానే బలం వచ్చిందని తోచడం శక్తి చేరడం వల్ల కాదు.

కండరాలలోనూ కాలేయంలోనూ కలిపి సుమారు 400 గ్రాములకు తగ్గని గ్లైకోజెన్ ఉంటుంది. దాని విలువ 1600 కిలోకేలరీలు. గంట ఆటకు అయ్యే 400 కిలోకేలరీలు అందులో నాలుగోవంతు. అందులోనూ కొంత భాగం కొవ్వు నుంచి వస్తుంది. పెసరట్టో, ఇడ్లీయో తిని ఆటకు వచ్చినవానికి ఇంధనం చాలకపోవడమనే ప్రశ్నే రాదు.

అయితే దీర్ఘమైన ఆటలలో శర్కరకు స్థానం లేదనడం కూడా అన్యాయమే. 2005లో విన్నిక్ బృందం 20 మంది స్త్రీ పురుషులచేత బాస్కెట్‌బాల్ వంటి ఆటను అనుకరించే శ్రమ చేయించింది. 6 శాతం శర్కర ద్రావణం తాగినవారు చివరి పావు ఆటలో కొంచెం వేగంగా పరుగెత్తారు, పొందికగా కదిలారు, వారి మనఃస్థితి కూడా మెరుగ్గా ఉన్నది. మొదటి భాగాలలో ఇంత తేడా లేదు. గంటకు మించి తీవ్రంగా ఆడే పోటీలకు ఈ ఫలితం పనికివస్తుంది. నలభై నిమిషాల షటిలుకు దీనిని సాక్ష్యంగా చూపడం చెల్లదు.

నోటిలో జరిగే చిత్రం

శర్కర కథలో ఒక వింత మలుపు ఉన్నది. 2004లో కార్టర్, యూకెండ్రుప్, జోన్స్ అనే శాస్త్రజ్ఞులు 9 మంది సైకిలు వీరులచేత సుమారు ఒక గంట పట్టే పందెం చేయించారు. తీపి లేని పిండిపదార్థపు ద్రావణాన్ని మింగనివ్వక, పుక్కిలించి ఉమ్మివేయించారు. అయినా వారి వేగం సుమారు 3 శాతం పెరిగింది! కడుపులోకి పోని శర్కర బలమెట్లా ఇచ్చింది? 2009లో చేంబర్స్, బ్రిడ్జ్, జోన్స్ మెదడు చిత్రాలు తీసి దీనికి జవాబు వెదికారు. నోటిలో పిండిపదార్థం తగిలినప్పుడు మెదడులో తృప్తికీ కదలికల అదుపుకూ సంబంధించిన భాగాలు మేల్కొంటున్నవి. కృత్రిమ తీపికి అట్లా మేల్కొనడం లేదు. అనగా నోరు ‘తిండి వస్తున్నది’ అని మెదడుకు కబురు పంపుతున్నది.

కాబట్టి శర్కరకూ మెదడుకూ సంబంధం లేదని కొట్టివేయరాదు. కాని అదే 2009లో బీలెన్ బృందం ఉదయం ఫలహారం చేసివచ్చిన ఆటగాళ్లతో ఇటువంటి ప్రయోగమే చేసినప్పుడు లాభం కనబడలేదు. ఆకలిగా ఉన్న మెదడుకు ఆ కబురు ముఖ్యం; తిన్న మెదడుకు అది పాత వార్త. ప్రయోగశాలల్లో చాలా పరీక్షలు పరగడుపున ఉన్నవారిమీద జరుగుతాయి. నరసాపురంలో సాయంకాలం ఆడేవాడు మధ్యాహ్నం అన్నం తినే వస్తాడు. ఒకరిమీద వచ్చిన ఫలితాన్ని మరొకరికి అంటించేటప్పుడు ఈ తేడా మరువరాదు.

నమ్మకం చేసే పని

2000 సంవత్సరంలో క్లార్క్, హాప్కిన్స్, హాలీ, బర్క్ 43 మంది సైకిలు వీరులతో ఒక చక్కని ప్రయోగం చేశారు. కొందరికి ‘మీరు తాగుతున్నది శర్కర పానీయం’ అని చెప్పారు. కొందరికి ‘ఇది ఉత్తుత్తి పానీయం’ అని చెప్పారు. మిగిలినవారికి ఏదో తెలియనివ్వలేదు. నిజంగా సీసాలో ఏమున్నదన్నది దీనితో సంబంధం లేకుండా మార్చారు. శర్కర తాగామని నమ్మినవారి సామర్థ్యం సగటున 4.3 శాతం పెరిగింది. ఉత్తుత్తిదని విన్నవారిలో పెరుగుదల అర శాతమే. ఇంతకూ సీసాలోని శర్కర వల్ల నిజంగా కలిగిన లాభం ఏమీ తేలలేదు.

బుద్ధి విషయంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. ఏకాగ్రత, ఉత్సాహం, ధైర్యం అనేవి నమ్మకంతోనే సగం ముడిపడి ఉన్నవి. రంగు, చలువ, ఖరీదు, పేరుగల ఆటగాని బొమ్మ కలిసి నమ్మకాన్ని పెంచుతాయి. అది మోసమని కాదు. నమ్మకం నిజంగానే పని చేస్తుంది. కాని నమ్మకానికి శర్కర ధర చెల్లించనక్కరలేదు.

సాక్ష్యాల నాణ్యత

2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వారి పత్రికలలో క్రీడాపానీయాల మీద కొన్ని ఘాటైన వ్యాసాలు వచ్చినవి. ఆక్స్‌ఫర్డులోని హెనెగన్ బృందం పత్రికా ప్రకటనలను పట్టుకొని, వాటి వెనుక ఉన్న ఆధారాలను ఒక్కొక్కటిగా పరీక్షించింది. 104 క్రీడావస్తువుల గురించి సామర్థ్యం పెరుగుతుందని చెప్పే 431 వాక్యాలు దొరికినవి. వాటికి ఆధారంగా చూపినవి 146. అందులో పరీక్షించడానికి వీలైనవి 74. వాటిలో మంచి నాణ్యత కలిగి, పక్షపాత దోషానికి తావివ్వనివి మూడే మూడు. పరీక్షించిన వాటిలో 84 శాతం పరిశోధనలలో ఫలితం ఒకవైపు మొగ్గే ప్రమాదం హెచ్చుగా ఉన్నదని వారు తేల్చారు.

దోషాలు ఏ రకానివో విద్యార్థులు గుర్తించడం మంచిది. పాత్రుల సంఖ్య కొద్దిగా ఉండడం. ఎవరికి ఏ పానీయమో ముందే తెలిసిపోవడం. పోటీ వీరుల ఫలితాన్ని సామాన్యులకు అంటించడం. ‘క్రీడాపానీయం, ఏమీ తాగకపోవడం’ అనే రెండింటినే పోల్చి, నీటితో పోల్చకపోవడం. అనేక పరీక్షలు పెట్టి అనుకూలించిన ఒకదానినే చాటడం. ఏ ప్రకటన చూసినా ఈ ఐదు ప్రశ్నలూ అడిగితే సగం మబ్బు విడిపోతుంది.

అతిగా తాగితే

‘దాహం కాకపోయినా తాగండి’ అన్న బోధ కూడా ఒకప్పుడు గట్టిగా సాగింది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవారిలో 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందికి సోడియం ప్రమాణం తగ్గినట్లు తేలింది. 2005లో ప్రకటితమైన ఈ పరిశోధనలో ముఖ్యమైన దోషి అతిగా తాగడమే. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారికి ప్రమాదం హెచ్చు. వారు తాగినది నీరా, క్రీడాపానీయమా అన్నదానితో తేడా రాలేదు. క్రీడాపానీయంలోని సోడియం చెమటలోని సోడియం కన్న సాధారణంగా తక్కువే గనుక అది రక్ష కాలేకపోయింది. రక్తంలో సోడియం బాగా తగ్గితే మొదట దెబ్బతినేది మెదడే: తలనొప్పి, తికమక, ముదిరితే మూర్ఛ. బుద్ధిని పెంచుతుందన్న పానీయమే అతి అయితే బుద్ధిని ముంచవచ్చు.

పేరులో పొంచి ఉన్న ప్రమాదం

ఇంతవరకు చెప్పిన నష్టం డబ్బుకు సంబంధించినది. ఇకముందు చెప్పబోయేది ప్రాణానికి సంబంధించినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. పేగు గోడలో సోడియమూ గ్లూకోజూ జంటగా లోపలికి పోతాయనీ, వాటి వెంట నీరు పోతుందనీ తేలడమే ఈ కొలతలకు ఆధారం. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ జంట ప్రయాణాన్ని వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ద్రావణాన్ని నోటిద్వారా ఇచ్చి దాని శక్తిని లోకానికి చూపాడు.

సామాన్య క్రీడాపానీయంతో పోల్చితే శర్కర అక్కడ నాలుగింతలకు పైన, సోడియం నాలుగోవంతు. విరేచనాలతో ఉన్న పసివానికి ఇంత శర్కర పోస్తే పేగులోని గాఢత పెరిగి, రక్తంలోని నీరు పేగులోకి వచ్చి, విరేచనాలు హెచ్చవచ్చు. అయినా ‘ఓఆర్‌ఎస్’ అనే అక్షరాలు పేరులో కలిసిన తియ్యని పానీయాలు మన మందుల దుకాణాలలోనే ఏళ్ల తరబడి అమ్ముడుపోయినవి.

దీనిమీద పోరాడినది మన తెలుగునాటి వైద్యురాలే. హైదరాబాదులోని శిశువైద్య నిపుణురాలు డాక్టర్ శివరంజని సంతోష్ సుమారు ఎనిమిదేళ్లు తల్లిదండ్రులను హెచ్చరిస్తూ, అధికారులకు విన్నవిస్తూ, తెలంగాణ హైకోర్టును కూడా ఆశ్రయిస్తూ వచ్చారు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 ఏప్రిల్‌లో ఒక ఆంక్ష పెట్టి, అదే ఏడు జూలైలో ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదు’ అన్న హెచ్చరిక వాక్యంతో ఆ పేరు వాడుకోనిచ్చింది. చిన్న అక్షరాల హెచ్చరిక పెద్ద అక్షరాల పేరును గెలవగలదా? చివరకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దుచేసి, ఆహారపానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అనే మాటనే వాడరాదని ఆ సంస్థ ఆజ్ఞాపించింది. పానీయాన్ని మందు పేరుతో అమ్మరాదన్న సామాన్య న్యాయం గెలవడానికి ఇంతకాలం పట్టడం ఆలోచించవలసిన విషయం. అంతకుముందు 2024 ఏప్రిల్‌లో, పాలు, ధాన్యాలు, మాల్టుతో చేసిన పానీయాలను ‘ఆరోగ్య పానీయం’, ‘శక్తి పానీయం’ అనే శీర్షికల కింద అమ్మవద్దని అదే సంస్థ అంతర్జాల వర్తకులను ఆదేశించింది. పేరు కూడా ఒక వాదమే; దానికీ ప్రమాణం అడగాలి.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయాన్ని చదివి ఊరుకోవడం కన్న చేసి చూడడం మేలు. ఖర్చులేని రెండు ప్రయోగాలు ఉన్నత పాఠశాలలో చేయించవచ్చు.

మొదటిది బరువు తూచడం. ఆటకు ముందూ, ఆట తరువాత చెమట తుడుచుకొనీ తూగాలి. తాగిన నీరు ఎంతో కొలిచి పెట్టుకోవాలి. తగ్గిన బరువుకు తాగిన నీటి బరువు కలిపితే చెమట ఎంత పోయిందో తెలుస్తుంది. తగ్గిన బరువు తన బరువులో ఎన్నో శాతమో విద్యార్థి తానే లెక్కకట్టాలి. ఎవరినీ నీళ్లు మాన్పించి ఈ ప్రయోగం చేయరాదు.

రెండవది స్కేలు పట్టుకోవడం. ఒకరు స్కేలును నిలువుగా వదలగా మరొకరు వేళ్లతో పట్టుకోవాలి. స్కేలు జారిన దూరాన్ని రెండింతలు చేసి, గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీస్తే ప్రతిస్పందన కాలం వస్తుంది. 20 సెంటీమీటర్లు జారితే 0.20 సెకను, 15 జారితే 0.175 సెకను. ఒకే కుండలోని ఉప్పు, నిమ్మకాయ, పంచదార కలిపిన నీటిని ఒకరోజు స్టీలు గ్లాసులోనూ, మరొకరోజు రంగు సీసాలోనూ పోసి ఆట తరువాత ఇచ్చి చూడాలి. ఏది ముందు, ఏది తరువాత అన్నది చీట్లు వేసి నిర్ణయించాలి. లేకపోతే అలవాటు వల్ల వచ్చే నేర్పు రెండో పానీయం ఖాతాలో పడుతుంది. పదేసి సార్లు పరీక్షించి సగటు తీయాలి. రెండు సగటుల మధ్య తేడా కనబడితే అది సీసాదే గాని నీటిది కాదని పిల్లలకు తేటతెల్లమవుతుంది.

తీర్పు

వీటన్నిటినీ తూచి చూస్తే ఫలితం ఇట్లా ఉన్నది. గంటకు లోపల ఆడే సామాన్యునికి నీరు చాలు. దాహమైనప్పుడు తాగాలి, ఎండలో దాహం కాకముందే రెండు గుక్కలు తాగడం మంచిదే గాని కడుపు ఉబ్బేటట్లు తాగరాదు. గంటన్నర, రెండు గంటలు మించిన తీవ్రమైన ఆటలో కొంత శర్కర, కొంత ఉప్పు ఉపకరిస్తాయి. లీటరు నీటికి పావు టీస్పూను ఉప్పు, రెండు మూడు చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ రసం అందుకు చాలును. ఉప్పు మజ్జిగ మరీ మంచిది. బొండాం నీటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. రుచికీ దాహానికీ బాగున్నా చెమటతో పోయిన ఉప్పును పూర్తిగా తీర్చదు. మూత్రపిండాల జబ్బు, రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు విషయంలోనూ బొండాం విషయంలోనూ వైద్యుని మాట వినాలి. ఆటకోసం కలిపిన ఈ నీటిని విరేచనాల రోగికి ఇవ్వరాదు. దానికి అసలైన ఓఆర్‌ఎస్ పొట్లమే కావాలి.

అర లీటరు క్రీడాపానీయంలో సుమారు 30 గ్రాముల శర్కర ఉంటుంది. విడిగా కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు మించరాదనీ, 25 లోపుంటే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన సారాంశం. గంట ఆడి కరిగించిన దానిలో మూడోవంతు సుమారు ఒక్క సీసాతో తిరిగి చేరుతుంది.

బుద్ధిచురుకు మాటకొస్తే, ఈ పానీయాలు సామాన్య ఆటగాని బుద్ధిని నీటికన్న మిన్నగా పదును పెడతాయనడానికి ఇంతవరకు గట్టి ప్రమాణం లేదు. చాలినంత నీరు, వేళకు తిండి, రాత్రి కంటినిండా నిద్ర, తగిన అభ్యాసం: చురుకునిచ్చేవి ఇవే. వీటికి ప్రకటనలు ఉండవు, ఎందుకంటే వీటిని సీసాలో పోసి అమ్మడం ఎవరికీ సాధ్యం కాదు. ఆటస్థలం దగ్గర మూత ఉన్న శుభ్రమైన మంచినీటి కుండ పెట్టించిన పాఠశాల తన పిల్లల బుద్ధికి ఏ రంగునీళ్ల సీసా చేయలేని మేలు చేసినదవుతుంది.